సోమక్క గవాహీ

బాసగూడ సంతలో పశువు చేతులు మారాలంటే సోమక్క గవాహీ, అంటే సాక్ష్యం, కావాలి. అమ్మేవాడు దొర్ల గిరిజనుడైనా, కొనేవాడు తెలుగువాడైనా, బేరం హిందీలో సాగినా, చివరికి పలుపు ఆమె చేతికిస్తారు. ఆ పశువు ఏ కొట్టంలో పుట్టిందో కళ్లారా చూసి ఉంటే కొనేవాడికి అందిస్తుంది. చూడకపోతే అమ్మేవాడికే తిరిగి ఇచ్చేస్తుంది. అలా తిరిగొచ్చిన పశువును ఆ సంతలో ఎవరూ కొనరు. కూలి పనులతోనే బతుకు వెళ్లదీసిన సోమక్కకు ఆస్తి అంటూ ఉంటే అదే.

ఈ ఏడు మిరప కోతలయ్యాక అల్లుడు నాగార్జున ఒక గుడ్డ మూట తెచ్చి ఆమె ముందు విప్పాడు. అతను బీజాపూర్‌లో ఒక వ్యాపారి దగ్గర పనిచేస్తాడు. మూటలో పటికబెల్లం ముక్కలాంటి చిన్న రాయి.

"ఏంది అల్లుడూ ఇది?"

"వజ్రం అత్తా. రేపు సంతకు రాయ్‌పూర్ సేఠ్ వస్తడు. తాలిపేరు వాగుల నీకే దొరికిందని చెప్పాలె. ఫోన్ల రికార్డు చేసుకుంటడు, అంతే."

"నాకు దొరకలే గదా."

"ఎవరికి దొరికిందో మా మాలిక్‌కే తెల్వదు. ఆయనకు ఒకడిచ్చిండు, వానికి ఇంకొకడు. ఊరు లేని రాయిని పెద్దోళ్లు ముట్టరు. రాయి మీద ఊరి పేరు ఉండదత్తా, మనం చెప్పిందే దాని ఊరు."

"ఆవు మీద కూడా ఉండదు బిడ్డా."

అతను నవ్వలేదు. ఈ బేరం కుదరకపోతే తన కొలువు పోతుందన్నాడు. కూతురు స్రవంతి కళ్ల ముందు మెదిలి సోమక్క కాదనలేకపోయింది. వస్తాననైతే అంది.

మర్నాడు సేఠ్ రాయిని ఆమె అరచేతిలో పెట్టి రికార్డు చేసేందుకు ఫోన్ ఎత్తాడు. ఇది ఎక్కడ దొరికిందని హిందీలో అడిగాడు. జనం చుట్టూ మూగారు. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు.

సోమక్క రాయిని కాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాచి దాన్ని నాగార్జున చేతిలో పెట్టింది.

"సేఠ్ సాబ్, ఇగ బయలెల్లు," అన్నాడు ఎడ్లు అమ్మే జోగ. సేఠ్‌కు ఏమీ అర్థం కాలేదు.

"ఎక్కడిదో నాకు తెల్వదు," అంది సోమక్క అతని హిందీలోనే.

"మరి ఎవరిని అడగాలి?"

"తవ్వినోళ్లను అడుగు. వాళ్లు దొరక్కపోతే తెల్వదనే చెప్పుకో."

"తెలియదంటే ఎవరూ కొనరమ్మా."

"కొనకపోనీ."

సేఠ్ జీపెక్కి వెళ్లిపోయాడు. నాగార్జున అత్త వైపు రాకుండా టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. జోగ ఊరుకోలేదు.

"ఏం నాగార్జునా, మీ అత్త నీ నౌకరీని నీళ్లల్ల కలిపింది గదా?"

పక్క దుకాణంలో ఉప్పు కొంటున్న సోమక్క చెయ్యి ఆగింది.

నాగార్జున గ్లాసు కింద పెట్టాడు. "కలిపింది. మా అత్త గాబట్టి కలిపింది. తెల్వనిది తెల్వదని చెప్పెటోళ్లు ఈ సంతల ఇంకొకరి పేరు చెప్పు, సూద్దాం."

జోగ తన ఎడ్ల వైపు మళ్లాడు. సోమక్క ఉప్పు పొట్లం తీసుకుని, తల ఎత్తి, జనం నడుమ నుంచే నడిచి వెళ్లింది.