పీఠభూమి పాఠం

విజయనగరం నుంచి భిలాయి వచ్చి, తెలుగు బడిలో భూగోళం చెప్పే పరబ్రహ్మం మాస్టారంటే పిల్లలకు హడల్. 1979 వానాకాలంలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూ, వానలకూ నదులకూ అరిగి చదునైన ఎత్తు నేలే పీఠభూమి అన్నారు. రెండో బెంచీలోంచి మణిమాల లేచింది.

"అరిగితే పల్లమవ్వాలి కదండి? అంతెత్తున ఎలాగ మిగిలిందండి?"

ఆయనకు జవాబు తెలియదు. చెవులు వేడెక్కాయి. "మీ నాన్న సున్నపురాయి గనిలో రాళ్లు పగలగొడతాడుగా! ఆ మహాపండితుణ్ణే అడుగు," అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఆదివారం పొద్దున్నే మాస్టారి క్వార్టర్ ముందు సైకిలు ఆగింది. మణిమాల తండ్రి తాతబ్బాయి. తగాదాకి వచ్చాడనుకున్నారు మాస్టారు. అతను చెప్పులు బయటే విడిచి, తువ్వాలులోంచి బూడిదరంగు రాయి తీశాడు.

"నన్నడగమన్నారంట కదండి. నాకేటి తెలుసు? మా గని సర్వే సాబ్‌ని మూడు రోజులు పట్టుకుని అడిగినాను. ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగు బురదంటండి. కింద నుంచి భూమి తోసి, నేలంతా పళ్లెం ఎత్తినట్టు లేచిందంట. పైన గట్టిరాయి ఉన్నకాడ నిలబడిపోనాది, చుట్టూ మెత్తది ఏర్లలో కొట్టుకుపోనాది. అరుగుడు కన్నా లేవడం ఎక్కువైతే ఎత్తు మిగుల్తాదంట." రాయి మాస్టారి చేతిలో పెట్టి, "సరిగ్గానే చెప్పినానా అండి?" అన్నాడు.

వెటకారాన్ని గురువు ఆజ్ఞ అనుకున్నాడు ఆ మనిషి! మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సరిగ్గానే ఉంది," అన్నారు.

సోమవారం ఆ రాయి చూపించి, తాతబ్బాయి పేరు చెప్పి మరీ పాఠం చెప్పారు. అయినా మనసు కుదుటపడలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లారు.

"తప్పు నాది తాతబ్బాయీ. ఆ రోజు నిన్ను ఎగతాళి చేసి, క్లాసంతటినీ నవ్వించాను. క్షమించు."

తలుపు పక్కన నిలబడ్డ మణిమాల ముఖం పాలిపోయింది. ఆ నవ్వుల సంగతి తండ్రికి చెప్పకుండా ఇన్నాళ్లూ దాచింది తనే. అది మాస్టారికి అప్పుడు అర్థమైంది.

"నవ్వినారా అండి?" అన్నాడు తాతబ్బాయి మెల్లగా. కాసేపు కూతురి వైపే చూశాడు. "పోన్లెండి, పిల్లకి జవాబు దొరికింది కదా," అని లోపలికి టీకి చెప్పాడు.

మాస్టారు టీ సగంలోనే వదిలి లేచారు. మన్నించమని అడగడానికి వెళ్లి, మళ్లీ ఆ మనిషినే నొప్పించి వచ్చారు. మణిమాల ఆ ఏడంతా ఇంకో ప్రశ్న అడగలేదు. రిటైరయ్యేదాకా ఏటా ఆ పాఠం దగ్గర ఆయన గొంతు సన్నగిల్లిపోయేది.