నలభై రెండు అంగలు

గొంతులో క్యాన్సర్ ముదిరిందనీ, గురువారం ఉదయం స్వరపేటిక తీసేస్తామనీ, ఆపైన మాట ఉండదనీ డాక్టరు సోమవారంనాడు చెప్పాడు. మనవరాలి కళ్లు నిండాయి. ఎనభై ఏళ్ల తాత మాత్రం వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు.

“రెండు రోజులు చాలు. రేపు నన్నొక చోటికి తీసుకెళ్లమ్మలూ.”

“ఎక్కడికి తాతయ్యా?”

“బుడ్డోడి కూతురి దగ్గరికి.”

బుడ్డోడంటే ఎవరో ఆ ఇంట్లో తెలియనివారు లేరు. సైన్యంలో తాతకు ప్రాణస్నేహితుడు. ఆరడుగులు దాటిన తాతను తోటివాళ్లు నిచ్చెన అనేవారు. ఆయన భుజానికైనా అందని స్నేహితుణ్ణి బుడ్డోడు అనేవారు. యుద్ధం ముగిసిన నెలకు మందుపాతర పేలి అతడు పోయాడని మాత్రమే ఇంట్లోవాళ్లు విన్నారు. ఎలా పోయాడో, మర్నాడు బస్సులో వెనక సీటున కూర్చుని, గీరుకుపోతున్న గొంతుతో తాత మొదటిసారి చెప్పాడు.

వాళ్లిద్దరి పనీ శత్రువు వచ్చే దారిలో పాతరలు పూడ్చడం. పూడ్చినవాడు ఒక కాగితం రాసి ఉంచాలి: ఫలానా రాయి నుంచి ఇంత దూరం నడిచి పక్కకు తిరిగితే పాతరలు లేని సందు వస్తుందని. ఆ దూరాన్ని టేపుతోనే కొలవాలన్నది ఖండితమైన నియమం. ఆ సాయంత్రం వాన, పైగా ఫిరంగి గుండ్లు. టేపు బురదలో చిక్కుపడింది. నిచ్చెన తన కాళ్లతోనే కొలిచి, ‘నలభై రెండు అంగలు’ అని రాసేశాడు.

జాన, మూర, బార, అంగ అంటూ మన పూర్వులు ఒంటితోనే లోకాన్ని కొలిచారు. బట్టల దుకాణంలో ఒకరి మూర మరొకరికి చాలకపోతే పోయేది వేలెడు గుడ్డ. కాసేపు తగవులాడి సర్దుకుంటారు. గుడ్డ సంగతి వేరు.

పాతరలు వెలికి తీసేనాటికి నిచ్చెన కామెర్లతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కాగితం పట్టుకుని బుడ్డోడు వెళ్లాడు. అతని పొట్టి కాళ్ల నలభై రెండు అంగలు సందు దాకా చేరలేదు. లెక్క పూర్తికాగానే పక్కకు తిరిగాడు.

కాగితం అతనితోపాటే కాలిపోయింది. విచారణాధికారి మంచం దగ్గరికి వచ్చి, టేపుతోనే కొలిచావా అని అడిగాడు. “కొలిచాను సార్,” అన్నాడు నిచ్చెన. చనిపోయినవాడి అజాగ్రత్తే కారణమని తేలింది.

మనవరాలు కిటికీ వైపు తిరిగింది. తనను బడికి నడిపించేటప్పుడు తన చిన్న అడుగుకు సరిపడేలా అంగను కుదించుకున్న మనిషి ఈయనే. తలుపు గడియ బిగించాలన్నా టేపు తీసే ఆయన చాదస్తానికి ఇంటిల్లిపాదీ నవ్వేవారు. అలా నవ్వినప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయి, మానుకుంది.

బుడ్డోడి కూతురు నోటుపుస్తకాలు కుట్టే దుకాణం నడుపుతోంది. జిగురు వాసన, నేలంతా కాగితపు పీలికలు, మూలన కుర్చీలో ఆమె బాబాయి, బుడ్డోడి తమ్ముడు. తండ్రి పోయేనాటికి తల్లి కడుపులో ఉన్న ఆ బిడ్డకు ఇప్పుడు నలభై ఆరేళ్లు. తాత నిలబడే అంతా చెప్పాడు. ఆమె కుట్టు ఆపలేదు.

“అయిపోయిందా?”

“అయిపోయిందమ్మా.”

“మా అమ్మ పోయి రెండేళ్లు. పాలు పొంగినా, గ్లాసు జారినా, ‘మా అన్నకీ ఒళ్లు తెలియదు, నీకూ తెలియదు’ అని ఈ బాబాయి సాధించేవాడు. ఆ మాట పడుతూనే పోయింది. మీ గొంతు రెండేళ్ల ముందు చెడలేదేం?”



“పోనీలేవే, పెద్దాయన. ఇప్పుడవన్నీ ఎందుకు,” అన్నాడు బాబాయి.

“నువ్వుండు బాబాయ్. నీకోసమే ఇదంతా.” ఆమె ఒక గీతల కాగితం చింపి బల్లమీద పెట్టింది. “రాయండి. సంతకం పెట్టండి.”

“మా తాతయ్యకు ఒంట్లో…” అనబోయింది మనవరాలు.

“చూస్తున్నానుగా. చేతికేం కాలేదు.”

తాత రాశాడు. ఆమె చూసి కాగితాన్ని వెనక్కి నెట్టింది.

“‘పొరపాటు జరిగింది’ ఏంటండీ? దానంతటదే జరిగిందా?”

ఆయన కొట్టేసి మళ్లీ రాశాడు: ‘నేను టేపుతో కొలవలేదు. కొలిచానని అబద్ధం చెప్పాను. అతని తప్పు లేదు.’

“ఇప్పుడు చదవండి. బాబాయికి కళ్లు ఆనవు.”

మనవరాలు కాగితం అందుకోబోయింది.

“నువ్వు కాదమ్మా.”

రెండో వాక్యం దగ్గర గొంతు పూడుకుపోయింది. తాత మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మూడోసారికి గానీ చివరి మాట దాకా రాలేకపోయాడు.

“మా వదిన…” అని బాబాయి ఆగిపోయాడు.

ఆమె కాగితాన్ని మడిచి తీసుకుని, మళ్లీ సూది పట్టుకుంది. కూర్చోమనలేదు.

బస్టాపులో ఇద్దరూ ఎడంగా నిలబడ్డారు. “నీళ్లు తాగుతావా తాతయ్యా,” అని అడగడానికి మనవరాలికి చాలాసేపు పట్టింది. ఆయన జవాబు చెప్పబోయాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. గురువారానికి ఇంకా రెండు రోజులున్నాయి.