నా బూట్ల వెనక నడిచిన శనివారం

రాజధానికి ఈ చివరనున్న ఇందిరాపురం నుంచి ఆ చివరనున్న ద్వారకకి, అక్కడినుంచి ఆర్.కె. పురానికి, తిరిగి ఇందిరాపురానికి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు. మెట్రో కార్డులో డబ్బులూ, చదవడానికి ఏదైనా ఉంటే చాలు. దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేను ఒక్కటీ చూడలేదు. నాకు రెండు పనులున్నాయి. ద్వారకలో ఉండే మెర్సీగారికి నేను పరుగు మానేస్తున్నానని ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆర్.కె. పురం గుడి దగ్గర నా బూట్లు వదిలేసి రావాలి.

మొదటి పని డాక్టరు పెట్టింది, రెండోది మా అత్తగారు పెట్టింది. చలికాలం మొదలైనప్పటినుంచీ నా కుడి మోకాలు పరిగెత్తిన ప్రతిసారీ నొప్పి పెడుతోంది. డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వైపు ఎత్తి చూశాడు, ఏమీ కనిపించలేదన్నాడు, నా వయసు అడిగాడు. నలభై ఆరు అనగానే జబ్బు దొరికిపోయినట్టు తలాడించి, "ఇక వాకింగ్ చేసుకోండి మేడమ్" అన్నాడు. మావారు ఈత మంచిదన్నారు. ఆయనకి ఈత రాదు, నడకా పెద్దగా రాదు. సలహాలు మాత్రం బాగా వచ్చు.

అత్తగారిది వేరే రోగనిర్ణయం. "శని మోకాళ్ళ మీదే కూర్చుంటాడు పద్మా. ఆ బూట్లు శనివారం పూట గుడి దగ్గర వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేయ్. కాకపోతే ప్రాణం ఒప్పదు, ఇంకా కొత్తవాటిలా ఉన్నాయి" అన్నారు.

కొత్తవాటిలా ఉన్నమాట నిజం. ఆ తెల్ల బూట్లని నేను సాకినట్టు మా అపార్టుమెంట్లో పిల్లల్ని కూడా ఎవరూ సాకి ఉండరు. ప్రతి ఆదివారం పరుగయ్యాక పాత టూత్ బ్రష్‌తో తోమి, లోపల పేపర్లు కూరి, బాల్కనీలో నీడపట్టున ఆరబెట్టేదాన్ని. అవి కొన్నప్పుడు ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉంది. బూట్లు మాత్రం అలాగే ఉన్నాయని మురిసిపోయేదాన్ని.

తొమ్మిదిన్నరకి ఇంట్లోంచి బయలుదేరాను. బూట్లు కాళ్ళకి, తిరుగు ప్రయాణానికి హవాయి చెప్పులు సంచిలో. వైశాలి స్టేషన్ దాకా షేర్ ఆటో. వైశాలి నుంచి ద్వారకకి రైలు మారక్కర్లేదు, బ్లూ లైన్ ఎక్కి కూర్చుంటే గంటన్నర లోపల తనే తీసుకెళ్ళి దింపుతుంది. ఎక్కేది మొదటి స్టేషన్లోనే కాబట్టి సీటు కూడా దొరుకుతుంది. లేడీస్ పెట్టె ఎక్కాను. ఆనంద్ విహార్‌లో పెట్టె నిండిపోయింది. రాజీవ్ చౌక్‌లో నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. కాసేపు నా కాళ్ళ వైపే చూసి, "ఆంటీ, నైస్ షూస్! నయే హైఁ?" అంది.

"మూడేళ్ళయింది" అన్నాను హిందీలో.

"నహీఁ!" అంటూ ఆశ్చర్యపోయి, పక్కనున్న స్నేహితురాలికి కూడా చూపించింది. ఆంటీ అన్నందుకు వచ్చిన కోపం అక్కడితో పోయింది. కరోల్ బాగ్ దాటేదాకా కాళ్ళు కాస్త ముందుకి చాపుకునే కూర్చున్నాను.

పదకొండు దాటాక ద్వారక సెక్టార్ పన్నెండులో దిగాను. మెర్సీగారిది భీమవరం. ఇక్కడొక పెద్ద ఆసుపత్రిలో వార్డు సిస్టరు. మూడేళ్ళ కిందట ఒక పరుగులో చివరినుంచి ఇద్దరం పక్కపక్కన మిగిలాం, అలా పరిచయం. అప్పటినుంచీ ప్రతి ఆదివారం తెల్లవారకముందే ఆవిడ అటునుంచి, నేను ఇటునుంచి ఇండియా గేటు దగ్గరికి చేరతాం. పరిగెత్తుతూ మాట్లాడుకుంటాం. ఆవిడ వార్డు సంగతులు చెబుతారు, నేను ఆఫీసు సంగతులు చెబుతాను. వారం మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని గంట అదొక్కటే. వచ్చే నెలలో హాఫ్ మారథాన్‌కి ఇద్దరం పేర్లు కూడా ఇచ్చాం.

శనివారం కదా అని ఆవిడ నాకోసం చేపల పులుసు మానుకుని ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ వడియాలు చేశారు. అంత భోజనం పెట్టినావిడకి చెప్పడం కష్టమైంది. చేతులు కడుక్కున్నాక చెప్పాను.

మెర్సీగారు నా మోకాలు అటూ ఇటూ వంచి చూశారు. "వాపేం లేదండీ. వేడిగా కూడా లేదు. అయినా డాక్టరు గారు వద్దన్నాక నేనేం చెప్తాను?" అన్నారు. మోకాలు వదిలి, "మరి నేనూ మానేస్తానండి. ఆ చీకట్లో ఒక్కదాన్నే పరిగెత్తడం నా వల్ల కాదు. మీరున్నారనే మా ఆయన పంపేవారు" అన్నారు.

అది నేను ఊహించలేదు. నా మోకాలు నా సొంత విషయం అనుకున్నాను. ఓదారుద్దామని వెళ్ళి, ఆవిడే నన్ను ఓదారుస్తుంటే మూడింటి దాకా కూర్చుని బయలుదేరాను. గుమ్మం దగ్గర నేను లేసులు కట్టుకుంటుంటే ఆవిడ లిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుని నిలబడ్డారు.

ద్వారక నుంచి ఆర్.కె. పురం వెళ్ళాలంటే జనక్‌పురి వెస్ట్‌లో దిగి మెజెంటా లైన్ ఎక్కాలి. మారడానికి నడిచే దూరం చూస్తే స్టేషన్ కట్టినవాళ్ళకి మోకాళ్ళ మీద పగ ఉందేమో అనిపిస్తుంది. మెజెంటా రైల్లో ఒక సర్దార్జీ పెద్దాయన నేను కుంటడం చూసి లేచి సీటిచ్చాడు. "బైఠో బేటా, హమ్ తో రోజ్ దౌడ్‌తే హైఁ" అన్నాడు. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. రోజూ పరిగెత్తుతాడట. కూర్చున్నాను గానీ ఆ సీటు నాకు సుఖంగా లేదు.

గుడి ఐదింటికి తెరిచారు. క్వార్టర్ల మధ్య మనవాళ్ళు కట్టుకున్న చిన్న వేంకటేశ్వరుడి గుడి. శనివారం కావడంతో పులిహోర వాసనతో పాటు తెలుగు కూడా నాలుగు యాసల్లో వినబడుతోంది. టోకెన్ ఇచ్చి చెప్పులు దాచేచోట పెడితే నా పని చెడుతుంది. అందుకని గోడవారన బయటే విప్పాను. పక్కన సరికొత్త తోలు చెప్పుల జత ఒకటి ఉంది. దొంగకి శ్రమ లేకుండా లేసులు కూడా వదులు చేసిపెట్టి లోపలికి వెళ్ళాను. దేవుడి ముందు నిలబడి నా బూట్లు ఎవరైనా ఎత్తుకుపోవాలని మొక్కుకున్నాను. అలాంటి మొక్కు ఆయనకి కొత్త కాదనుకుంటాను.

బయటికొచ్చేసరికి పక్కనున్న కొత్త చెప్పులు లేవు. నా బూట్లు ఉన్నాయి. ఉన్నచోట కూడా లేవు, ఆ చెప్పులు తీసుకోవడానికి అడ్డమని ఎవరో పక్కకి జరిపి మరీ పెట్టారు. రైల్లో అమ్మాయి మెచ్చిన బూట్లని గుడి దగ్గర దొంగ వద్దనుకున్నాడు.

చెప్పులు పోయినావిడ మెట్ల మీద నిలబడి నవ్వుతోంది. అరవైకి దగ్గర వయసు, జరీ అంచు నేత చీర. చుట్టూ ఉన్నవాళ్ళు శని వదిలిందని ఆవిడని అభినందిస్తున్నారు. "వదిలింది సరే, ఇంటిదాక ఒట్టి కాళ్ళతోని ఎట్ల పోవాలె? నేల చల్లగున్నది" అందావిడ. పేరు వసంత, ఊరు కరీంనగర్, వాళ్ళాయనకి కేంద్ర ప్రభుత్వంలో ఇంకో ఏడాది సర్వీసుందట. క్వార్టరు దగ్గర్లోనే.

నా బూట్లు ఇస్తానన్నాను. ఎందుకు తెచ్చానో కూడా దాచకుండా చెప్పాను, రేపేదైనా అయితే నా మీదికి రాకూడదు కదా.

"ఇయ్యి బిడ్డా. నా శని నా చెప్పులతోని పోయింది. జాగ ఖాళీ ఉన్నది, నీ శనొస్తే రానీ" అని అక్కడే మెట్టు మీద కూర్చుని తొడుక్కుంది. ఇద్దరిదీ ఒకటే నంబరు. చీర కింద తెల్ల బూట్లు చూసుకుని మురిసింది. నేను హవాయి చెప్పులు వేసుకుని, సాగనంపుదామని వెంట నడిచాను.

ఆ వీధి ఫుట్‌పాత్ మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. సగం కార్లు, సగం వేపచెట్ల మొదళ్ళు. వసంత ఆంటీ ముందు, నేను వెనక. నాలుగు అడుగులు వేశాక ఆవిడ కాళ్ళ వైపు చూశాను. కుడి బూటు మడమ లోపలివైపుకి కూలిపోయి ఉంది. అడుగు వేసినప్పుడల్లా బూటు ఒరిగి, దాంతో చీలమండ ఒరిగి, దాంతో మోకాలు లోపలికి వంగుతోంది. ఎడమది అంత కాదు గానీ అదీ అదే దారిలో ఉంది. మూడేళ్ళు ఆ బూట్లని పైనుంచే చూశాను. ఎవరి బూట్లు వాళ్ళకి వెనకనుంచి కనబడవు కదా.

రెండో మలుపులో ఆంటీ ఆగి, ప్రహరీ గోడ పట్టుకుంది. "ఏం బూట్లమ్మా ఇవి? ఒక దిక్కు గుంజుతున్నయ్. నా మోకాలు ఇప్పటిదాక మంచిగుండె."

"ఏ మోకాలు ఆంటీ?"

"కుడిది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వాళ్ళ క్వార్టరు గేటు చేరేసరికి ఆవిడ అచ్చం నాలాగే కుంటుతోంది. ఎక్స్‌రేలో కిటికీ వెలుతురుకి కనబడనిది నాకు వీధి దీపం కింద కనబడింది.

ఇంట్లోకి వెళ్ళగానే ఆంటీ బూట్లు విప్పి బోర్లా తిరగేసింది. నేను ఉలిక్కిపడ్డాను. చెప్పు తిరగబడితే ఇంట్లో గొడవలవుతాయని మా అత్తగారు చూసిన వెంటనే సరిచేస్తారు. ఆ భయంతో నేను వాటి అడుగు ఒక్కసారి కూడా చూడలేదు. "మా ఇంట్ల గొడవలు అవి బోర్లా వడ్డా ఐతయ్, వడకపోయినా ఐతయ్" అంది ఆంటీ. కింద గీతలన్నీ అరిగి, మడమ దగ్గర నున్నగా, బొటనవేలితో నొక్కితే గట్టిగా చెక్కలా ఉంది. సబ్బూ బ్రష్షూ పైకి మాత్రమే పనిచేశాయి.

టీ ఇస్తూ, "కొత్తయి కొనుక్కోకపోయినవా?" అంది.

అప్పుడు చెప్పక తప్పలేదు. కొత్త జత ఇంట్లో ఉంది. పోయిన దీపావళికి కొన్నాను. డబ్బాలోంచి తీయకుండా బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను.

"ఎందుకు వెట్టినవ్?"

"రేసు రోజుకి."

"మరి రేసు ఇడిసిపెడ్తివి కదా. ఇగ ఎవరికి దాస్తున్నవ్?"

నేను టీ తాగాను. ఆంటీ నా పాత బూట్లని రెండు వేళ్ళతో ఎత్తి, బయట చెత్తడబ్బాలో పడేసి వచ్చింది. పనిమనిషికి ఇవ్వచ్చేమో అన్నాను. "ఆమె మోకాలు ఆమెకు అక్కెర లేదా?" అంది. ఎన్ని మంచు పొద్దుల్లో ఎంత దూరం మోశాయో అవి నన్ను. డబ్బా మూత పడిన చప్పుడికి మనసు చివుక్కుమంది.

ఏడింటికి ఆర్.కె. పురంలో తిరుగు రైలెక్కి హౌజ్ ఖాస్‌లో దిగాను. అక్కడినుంచి యెల్లో లైన్లో రాజీవ్ చౌక్, మళ్ళీ బ్లూ లైన్. ఈ దారిన వెళ్ళేవాళ్ళు వైశాలి రైలే ఎక్కాలి, నోయిడా రైలు కూడా అదే ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. బూట్లు ఎప్పుడు మార్చాలో తెలియనివాళ్ళు అంత దూరం ప్రయాణం చేయనక్కర్లేదు. సరిపోయే కాళ్ళున్న మనిషికి ఒకసారి తొడిగించి, వెనక నాలుగు అడుగులు నడిస్తే చాలు.

యమునా బ్యాంక్ దాటాక సీటు దొరికింది. మెర్సీగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నవ్వారు, నవ్వి నవ్వి దగ్గారు. "రేపు పొద్దున్న వచ్చేస్తున్నాను" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "అయ్యో, మీరు అటు వెళ్ళగానే నా ఆదివారం ఆఫులు ఇంకో సిస్టర్‌కి ఇచ్చేశానండి. ఎప్పటినుంచో అడుగుతోంది. రేసు రోజుది కూడా."

"వెనక్కి అడగండి."

"ఎలా అడుగుతానండీ? హాస్టల్లో ఉన్న పాపని చూడ్డానికి రైలు టికెట్లు కూడా తీసేసుకుందండీ."

కౌశాంబి వచ్చి వెళ్ళింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మూడేళ్ళు ప్రతి ఆదివారం ఆవిడ నా పక్కన పరిగెత్తుతుంటే అరిగినవి వేసుకుని, మంచివి ఏదో మంచి రోజుకని దాచాను.

"రేపు మీరు డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?" అనడిగాను.

"రెండింటికండీ. ఏం?"

"మూడింటికి మీ సెక్టార్ పార్కులో ఉంటాను. చీకటి కాదు కాబట్టి మీ ఆయన కూడా ఏమీ అనరు. పార్కు చుట్టూ పరిగెడదాం."

"డ్యూటీ చేసొచ్చి నేనేం పరిగెడతానండీ బాబూ! నడుస్తాను." మళ్ళీ ఆవిడే అడిగారు. "కొత్త బూట్లు వేసుకొస్తారా? అవి రేసు రోజుకి కదండీ?"

"అవును మెర్సీగారూ, రేసు రేపే" అన్నాను. వైశాలి వచ్చింది, దిగాను.