పెంచలమ్మ మోసిన గంప

పెంచలమ్మకు చదవడం రాదు, వినడం వచ్చు. ఆత్మకూరులో నీళ్ళ మోటార్లకు వైండింగు చేసే కొడుకు పెంచలప్రసాద్ ఇంట్లో ఆమెకు ముఖ్యమైన పని అదే. మనవరాలు అశ్విత పదో తరగతి. ఏ పాఠం బట్టీ పట్టినా ఎదురుగా ఒక మనిషి కూర్చుని వినకపోతే ఆ పిల్లకు నోటికి రాదు. తల్లి సుధారాణికి కుట్టుమిషను మీదినుంచి లేచే తీరిక ఉండదు. అందుకని సాయంత్రం అయ్యేసరికి పెంచలమ్మ చేటలో మునగాకు పెట్టుకుని వరండాలో కూర్చునేది. ఆమె ఆకు దూస్తూ ఉంటే పిల్ల ఎదురుగా నిలబడి గడగడా అప్పజెప్పేది.

ఆ ఆగస్టులో బడిలో మాటల పోటీ పెట్టారు. యుద్ధాన్ని ఆపడానికి అణుబాంబు వేయడం న్యాయమేనా అన్నది విషయం. ఎవరు ఏ వైపు మాట్లాడాలో చీటీలు తీయించారు. అశ్వితకు ‘న్యాయమే’ అన్న చీటీ వచ్చింది.

“మార్చుకోరాదా పాపా?” అంది పెంచలమ్మ.

“చీటీ అంటే చీటీనే అవ్వా. అయినా ఇదే ఈజీ. నువ్వు విను ముందు.”

పిల్ల జడ వెనక్కి వేసుకుని, లేని మైకు ముందు నిలబడినట్టు నిలబడింది. జపాను అనే దేశం లొంగకపోవడం, ఆరో తేదీన ఒక ఊరి మీద, తొమ్మిదో తేదీన ఇంకో ఊరి మీద బాంబులు పడడం, వారం తిరక్కుండానే ఆ దేశం లొంగిపోవడం, అన్నీ ఒక ఊపున చెప్పేసింది.

“ఆ ఊర్లల్లో ఉండినోళ్ళంతా సిపాయిలేనా?”

“ఊరంటే అందరూ ఉంటారు గదవ్వా.”

“బిడ్డలు గూడానా?”

“ఏంది నువ్వు? నా పార్టీనా అవతల పార్టీనా?”

పెంచలమ్మ కాసేపు ఆకు దూసింది. “ఆ బాంబు ఏసినోడు ఏమైనాడంట?”

“ఏమవుతాడు? ముసిలోడై చచ్చిపోయినాడు. తొంబై ఏళ్ళు దాటి బతికినాడంట.”

“నిద్ర పట్టేదంటనా?”

“బ్రహ్మాండంగా పట్టేదని ఆయనే చెప్పినాడంట. మా సారు అన్నాడు.”

“పట్టుద్ది. నిద్రకేంది, పట్టుద్ది,” అంది పెంచలమ్మ.

పిల్ల నవ్వి చివరి వాక్యం అందుకుంది. “కొందరు చనిపోయారు, అది బాధాకరమే. కానీ వాళ్ళవల్ల అంతకంటే ఎక్కువ మంది బతికారు.”

ఆ మాట పెంచలమ్మకు కొత్త కాదు. నలభై ఏళ్ళ కిందట ఆమె మామ మాలకొండయ్య చుట్ట కాలుస్తూ అచ్చం అదే మాట అన్నాడు. “ఒక పానం పోయినమాట నిజమే. పది పానాలు నిలబడినాయి గదా.”

అప్పటికి ఆమెకు పాతికేళ్ళు. ఉదయగిరి కొండ కనిపించే మెట్టలో దిగువపల్లె కోడలు. పల్లెలు రెండు, చెరువు ఒకటి. తూము ఎవరి చేతిలో ఉండాలన్న తగాదాలో మూడేళ్ళలో నలుగురు మగవాళ్ళు పోయారు. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ఇటు పోయిన వాళ్ళలో ఒకడు ఆమె మరిది. వాణ్ణి మంచం మీద మోసుకొస్తుంటే వెనక దారి పొడుగునా రాలిన నెత్తురు చుక్కల మీద ఆమే మట్టి కప్పింది. తర్వాత వంతు తన మొగుడిదేనని ఆ రోజే అనుకుంది.

అంత పగలోనూ ఒక కట్టుబాటు మాత్రం ఎవరూ దాటలేదు. చేలోకి కూడు మోసుకుపోయే ఆడమనిషిని ఏ పల్లెవాడూ అడ్డుకోకూడదు, గంప దించమనకూడదు. అవతలివాళ్ళ గట్టు మీద నడిచినా సరే, పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు.

మాలకొండయ్య ఆలోచన ఆ కట్టుబాటు మీదే పడింది. ఎగువపల్లెకు ఉన్నది ఒక్క మంచినీళ్ళ బావి. అందులో ఎండ్రిన్ పురుగుమందు పోస్తే సరి. “వాసన కొడతాది, ఎవురూ తాగర్లే. నీళ్ళు లేకపోతే వారంలో రాజీకి వస్తారు,” అన్నాడు. మొగుడు రామనారాయణ తల వంచుకున్నాడు. పెంచలమ్మ వంచుకోలేదు. “నేను బోతాను మామా,” అంది. ఆమెను ఎవరూ బలవంతం చేయలేదు. చేశారని ఆ తర్వాత కూడా ఆమె ఏనాడూ తనకు తాను చెప్పుకోలేదు.

సంగటి ముద్దల కింద డబ్బా పెట్టుకుని మిట్టమధ్యాహ్నం బయలుదేరింది. గట్టు మీద ఎగువపల్లె కాపలా మనిషి చెంచయ్య పక్కకు జరిగాడు. “ఎండ మెండుగా ఉండాది. నెత్తిన కొంగేసుకో తల్లీ,” అన్నాడు. ఆమె కొంగు వేసుకుని ముందుకు నడిచింది.

వాసన కొట్టిన మాట నిజమే. పెద్దవాళ్ళు ఎవరూ తాగలేదు. కానీ అది కనిపెట్టే లోపలే ఎవరో నాలుగు బొక్కెనలు తోడి బావి పక్కన గొడ్ల తొట్టిలో పోసి ఉన్నారు. ఏడు బర్రెలు చచ్చాయి. వాటిని తోలుకొచ్చిన పిల్ల కూడా దోసిలి పట్టి ఆ తొట్టిలోనే తాగింది. పొద్దుటినుంచీ కొండవారన ఎండలో తిరిగిన పిల్ల అది. ఎనిమిదేళ్ళు. పేరు లిదియమ్మ. తల్లి ఎస్తేరమ్మ రెండు పల్లెల్లోనూ కూలికి పోయే మనిషి. వాళ్ళకు సెంటు పొలం లేదు. తూము ఎవరి చేతిలో ఉన్నా వాళ్ళకు ఒకటే.

వారంలో రాజీ కుదిరింది. మళ్ళీ ఆ పల్లెల్లో గొడ్డలి లేవలేదు. పోలీసులు వచ్చారు, పోయారు. రామనారాయణ సర్పంచి అయ్యాడు. ఒకటి మాత్రం మారింది. అప్పటినుంచీ ఏ ఆడమనిషి గంపతో వెళ్ళినా దించి చూపించమనేవాళ్ళు. పెంచలమ్మ కూడా దించి చూపించేది.

ఎస్తేరమ్మ తర్వాత వీళ్ళ చేలోకే కలుపుకు వచ్చేది. పెంచలమ్మ ఆమెకు ఒక ముద్ద ఎక్కువ పెట్టేది. “నీ మనసు మంచిది తల్లీ,” అనేది ఎస్తేరమ్మ. అలా అంటూనే పదేళ్ళ కిందట చచ్చిపోయింది. ఆమె కంటే ముందు మామ పోయాడు, మొగుడు పోయాడు. చెప్పుకుంటే తిట్టే హక్కున్న వాళ్ళెవరూ మిగల్లేదు. పెంచలమ్మకు కావలసింది అదొక్కటే. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, నువ్వు చేసింది పాపం అనాలి. క్షమించడం మాట ఆమె తలవలేదు. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు.

అందుకే ఆ సాయంత్రం చేట పక్కన పెట్టి, మనవరాలిని కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పింది. గంప మోసింది తనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. “ఒకామె” అంది. వింటూ వింటూ అశ్విత కళ్ళు తుడుచుకుంది. పెంచలమ్మ ఆ పిల్ల నోటి వైపే చూసింది. ఇప్పుడు అంటుంది, అనుకుంది.

“అవ్వా, ఇట్టాంటి పాయింటు ఎవురి దగ్గరా ఉండదు,” అంది అశ్విత. “జపాను గురించి అందరూ చెబుతారు. ఇది మన ఊరిది. ఇది చెప్పినానంటే ఫస్టు నాదే.”

“నేను చెప్పింది అందుకు గాదు పాపా.”

“పేర్లు చెప్పన్లే, భయపడబాక,” అని పిల్ల పెన్ను వెతుక్కుంటూ లోపలికి పరిగెత్తింది.

పోటీ రోజున సుధారాణి పెంచలమ్మకు మంచి చీర కట్టి బడికి తీసుకుపోయింది. హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, అమ్మానాన్నలు. ముందు ‘న్యాయం కాదు’ అన్న వైపు అనుపమ అనే పిల్ల మాట్లాడింది. సన్నటి గొంతు. ఆ రోజు కాలిపోయిన వాళ్ళందరూ నీళ్ళు, నీళ్ళు అని అడుగుతూ నదిలోకి దిగారని చెబుతోంది. పెంచలమ్మ ముందుకు వంగింది. “ఆ పిల్లలు ఏ తప్పు...” అని అనుపమ అంటూ ఉండగానే టైము అయిందని గంట కొట్టారు. ఆ పిల్ల బుద్ధిగా నమస్కారం పెట్టి, మాట అక్కడే వదిలేసి కూర్చుంది.

అశ్విత భయం లేకుండా మాట్లాడింది. రెండు పల్లెల కథ చెబుతుంటే వెనక కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి. “ఆ అవ్వ ఎవరో మనకు తెలియదు. ఒక్క ప్రాణం పోయింది. కానీ ఆ గంప కదలకపోయి ఉంటే మా తాత కూడా ఆ తగాదాలో పోయేవాడు, ఈ రోజు మా నాన్న ఉండేవాడు కాదు, నేనూ ఉండేదాన్ని కాదు,” అని ముగించింది. ఆ చివరి ముక్క ఇంట్లో అప్పజెప్పలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి. మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు.

కరస్పాండెంటు శ్రీమన్నారాయణ మైకు తీసుకున్నాడు. “ఇంత చక్కటి సంగతి ఎవరు చెప్పినారమ్మా?” అన్నాడు. అశ్విత వేలు చూపించింది. “అవ్వగారూ, రండి. మనవరాలి గురించి రెండు ముక్కలు.”

సుధారాణి చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించింది. మైకు చేతికి వచ్చింది. పెంచలమ్మకు తన ఊపిరి హాలంతా వినిపించింది. ఎదురుగా రెండువందల మంది. వీళ్ళలో ఒక్కరైనా అనకపోతారా అనుకుంది.

“ఆ గంప మోసింది నేనే,” అంది.

సుధారాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెంచలమ్మ ఎదురుచూసింది. అప్పుడు శ్రీమన్నారాయణ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టాడు. ముందు వరస అందుకుంది, తర్వాత హాలంతా అందుకుంది. కొందరు లేచి నిలబడ్డారు. మరి ఏ అతిథి కోసం తెచ్చిందో, టేబులు మీద మడత విప్పని శాలువా ఒకటి ఉంది. దాన్ని తెచ్చి ఆయన పెంచలమ్మ భుజాల మీద కప్పాడు. “ఊరి కోసం ఇంత భారం మోసిన తల్లి,” అన్నాడు.

“ఆ బిడ్డ పేరు లిదియమ్మ,” అంది పెంచలమ్మ. అప్పటికే మైకు వేరే చేతిలోకి వెళ్ళిపోయింది. తర్వాత పిల్లల డాన్సుకు పాట వేస్తున్నారు.

“నువ్వా అవ్వా! ముందే చెప్పుంటే ఇంకా బాగా చెప్పేదాన్ని గదా,” అని అశ్విత మెడ చుట్టూ చేతులు వేసి ఫోటో తీయించుకుంది. సుధారాణి శాలువా జారకుండా సర్ది, “పదత్తా, పోదాం,” అని మాత్రం అంది.

గేటు దగ్గర ఎవరెవరో ఎదురొచ్చి దండం పెడుతున్నారు. అనుపమ వాళ్ళమ్మ కూడా పెట్టింది. వెనకాలే అనుపమ నిలబడి ఉంది. పెంచలమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ పిల్ల తన తల్లి జోడించిన చేతుల వైపు చూసి, తనూ చేతులు జోడించింది.

పెంచలమ్మ చేతులు వాటంతట అవే లేచి అందరికీ తిరిగి దండం పెడుతూ పోయాయి.