సాబ్ కర్రకు చిన్నాన్న వైద్యం

రాయపూర్ కొత్తగా రాజధాని అయిన ఆ రోజుల్లో, ఊరితో పాటు నేనూ పెద్దవాణ్నయిపోయానని గట్టిగా నమ్మేవాణ్ని. శంకర్ నగర్‌లో ఇనుప కడ్డీలు అమ్మే ఒక ఆఫీసులో ఉద్యోగం, అదీ ఇంకా పర్మనెంటు కానిది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాసేది కాదు). ఎవరే పని చెప్పినా ఎగిరి గంతేసి ఒప్పుకోవడమే తెలివనుకునే వయసు.

మా మేనేజరుని అందరం సాబ్ అనేవాళ్ళం. సాయంత్రం ఆఫీసు కట్టేశాక వీధి చివరి మేడమీద, బల్లమీది బంతుల్ని కర్రతో కన్నాల్లోకి కొట్టే పూల్ ఆట ఆడే చోటికి మమ్మల్ని తీసుకెళ్ళేవారు. ఇంట్లో మేడమ్‌గారికి మాత్రం మీటింగని చెప్పేవారు. అక్కడ కర్రలు బోలెడున్నా ఆయన తన సొంత క్యూ కర్రతోనే ఆడేవారు. అది రెండు ముక్కలు. నల్లటి పొడుగు సంచీలోంచి తీసి, మర తిప్పి బిగించి, ఆట అవగానే విప్పి జోకొట్టినట్టు మళ్ళీ పడుకోబెట్టేవారు. ఒకరోజు బంతిని కొట్టగానే అతుకు దగ్గర టక్కుమంది. బంతి ఎటో పోయింది. "జోడ్ ఢీలా హో గయా" అన్నారు, అతుకు వదులైపోయిందని దిగులుగా. శనివారం పక్క ఆఫీసు వాళ్ళతో పోటీ ఉంది. నేను వెంటనే ముందుకు దూకి, మా ఇంట్లో అందరూ రైల్వేవాళ్ళే, ఇలాంటివి మాకు చిటికెలో పని అని చెప్పేశాను. (నాన్న గార్డు, చిన్నాన్న టికెట్ల కిటికీలో గుమాస్తా. ఇద్దరూ జీవితంలో పట్టుకున్న పెద్ద పనిముట్టు గొడుగు.)

శుక్రవారం సాయంత్రం గుఢియారీలో మా ఇంటికి సంచీ తెచ్చాను. "ఏట్రా అది, తుపాకీయేటి?" అని అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. చిన్నాన్న మాత్రం అప్పుడే చొక్కా విప్పి పనికి సిద్ధమైపోయాడు. విప్పి చూస్తే, కింది ముక్క కొసనున్న ఇత్తడి మర చెక్కలో వదులై ఊగుతోంది. లాగితే చేతిలోకి వచ్చేసింది. దాన్ని జిగురుతో మళ్ళీ కూర్చోబెట్టాలి. నిజానికి సరైన వైద్యం అదే. బజారుకెళ్ళి రెండు గొట్టాల మందు కలిపి పూసే గట్టి జిగురు తెచ్చి, కన్నం నిండా కూరి, మర దింపాను. అప్పుడు చిన్నాన్న బుర్ర వెలిగింది.

"ఒరే, ఇలాగొదిలేస్తే మర వంకరగా ఆరిపోద్ది. పై ముక్క బిగించీ. తిన్నగా నిలబడద్ది."

"భలే చెప్పావు చిన్నాన్నా!"

"మరేటనుకున్నావు! నాకు తెల్దేటి?"

బిగించేశాం. పైకి పొంగిన జిగురు ఎక్కడికి పోతుందన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

తెల్లారి చూస్తే రెండు ముక్కలూ ఒకటైపోయాయి. తిప్పితే తిరగదు, లాగితే రాదు. నేనో కొసా, చిన్నాన్నో కొసా పట్టుకుని అరుగు మీద లాగుతుంటే వీధిలో జనం పోగయ్యారు. "వొదిలీండ్రా, అది ఇరిగిపోతే ఆ సాబు నిన్నిరగ్గొడతాడు!" అని అమ్మ అరుస్తోంది. నా చెయ్యి జారింది. చిన్నాన్న వెళ్ళి అమ్మ ఆరబెట్టిన వడియాల మీద కూలబడ్డాడు. మరుక్షణం లేచి, డ్యూటీకి టైమైపోయిందంటూ మాయమయ్యాడు. (ఆ రోజు ఆయనకు సెలవని తర్వాత తెలిసింది.)

మనిషంత పొడుగు కర్ర అడ్డంగా పట్టుకుని, ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. సిగ్నల్ దగ్గర స్కూటరాయన "భైయా, మఛలీ పకడ్‌నే జా రహే హో?" అన్నాడు. ఉద్యోగం పోతే చేపలు పట్టడమే గతేమోనని నేనూ అదే ఆలోచిస్తున్నాను.

సాయంత్రం పూల్ హాలులో "బిగించే తెచ్చాను సాబ్" అని మెల్లగా చేతికిచ్చాను. సాబ్ కొట్టారు. టక్కు లేదు, ఊపు లేదు, బంతి తిన్నగా వెళ్ళి కన్నంలో పడింది. పడ్డప్పుడల్లా ఆయన నా వీపు తట్టడం, నేను ఖాళీ సంచీని ఇంకాస్త వెనక్కి దాచుకోవడం. ఆట అయిపోకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నది ఆ హాలులో నేనొక్కణ్నే. గెలిచారు. నవ్వుతూ విప్పబోయారు. మళ్ళీ తిప్పారు. మొహం ఎర్రబడింది. మెల్లగా నావైపు చూశారు.

"సాబ్... జిగురు... థోడా జ్యాదా హో గయా."

జిగురు కాస్త ఎక్కువైందని ఒప్పేసుకున్నాను. "తూనే తో ఇన్‌కీ శాదీ కరా దీ!" అన్నారు సాబ్. రెండు ముక్కలకీ పెళ్ళి చేసేశానని! ఆ మాటకి ఆయనకే నవ్వొచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

కర్ర ఆయన కారులో పట్టలేదు. నేను వెనక కూర్చుని కిటికీలోంచి బయటికి పెట్టి పట్టుకున్నాను. వాళ్ళింటి గేటు దగ్గరే మేడమ్‌గారు ఎదురయ్యారు. "మీటింగ్ సే ఆ రహే హైఁ?" అని అడిగారు. జరిగిందంతా నేనే చెప్పాను. ఆవిడ కర్రను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి, ఇక ఇది సంచీలో దాక్కుని గడప దాటదన్నమాట అని తెగ సంబరపడి, నాకు అటుకుల పోహా రెండోసారి వడ్డించారు. నెల తిరక్కుండానే ఉద్యోగం పర్మనెంటు అయింది. సాబ్ సంతోషించి చేశారో, మేడమ్‌గారు చేయించారో నాకిప్పటికీ తెలీదు.

మొన్న మా ఇంట్లో కుర్చీ కాలు ఊగుతుంటే స్క్రూడ్రైవరు తీశాను. మా అమ్మాయి చూసి, "రెహనే దో నాన్నా, బాగుచేసే మనిషొస్తాడు" అని ఫోన్ చేసేసింది. నిజమే, ఈ వయసులో నాకెందుకు? బుద్ధిమంతుడిలా స్క్రూడ్రైవరు కింద పెట్టాను. పెట్టేముందు మాత్రం, అమ్మాయి అటు తిరిగినప్పుడు, ఒక్క చుట్టు బిగించేశాను.