కాళ్లు చూసిన కమిటీ

సైకిలు పందేలవాళ్లకు రక్తపరీక్షలు చేస్తున్నారట, అయినా మందులు మింగేవాళ్లు దొరకడం లేదట. పేపర్లో ఇలాంటిది చదివినప్పుడల్లా, ముందు ఆ పరీక్ష చేసేవాణ్ణి పట్టుకోండయ్యా అనాలనిపిస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు అలాంటివాణ్ణి నేనే.

ఎనభైల మొదట్లో ఖిలా వరంగల్‌లో వారం రోజులు సైకిలు దిగకుండా తొక్కుతానని ఒకాయన వచ్చాడు. రఘునాథపల్లి వైపు మనిషి. వెంట భార్య. సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే అన్నం. ఊరూరా అదే బతుకుదెరువు. మోసం జరగకుండా ఊరివాళ్లు కమిటీ వేశారు: పాస్టరుగారు, ఒక రిటైర్డు టీచరు, మట్టెవాడలో మందుల షాపున్న నేను. షరతు ఒక్కటే, కాలు నేలకు ఆనకూడదు. వంతులవారీగా కుర్చీ వేసుకుని ఆ కాళ్లనే చూసేవాళ్లం. అబ్బో, ఎంత సీరియస్సో!

మూడో రోజు మధ్యాహ్నం ఆయన భార్య నా షాపుకొచ్చింది.

"అన్నా, నిద్రకు తూలుతాండు. నిద్ర రాకుండ లారీ డ్రైవర్లు మింగే గోలీలు జర ఇయ్యి."

డాక్టరు చీటీ కూడా అడక్కుండా అమ్మాను. సాయంత్రం కుర్చీలో కూర్చుని మళ్లీ కాళ్లు చూశాను. ఆమె పాలగ్లాసు అందిస్తుంటే మొహం తిప్పుకున్నాను. నోట్లో ఏం పడుతోందో చూడమని షరతుల్లో లేదు కదా! సిగ్గులేని తెలివి నాది. వారం నిండగానే దండలు వేసి, ఏ మోసమూ జరగలేదని కాగితం మీద ముగ్గురం సంతకాలు చేశాం. అది చూపిస్తేనే ఇంకో ఊళ్లో తొక్కనిస్తారు.

రెండు రోజులకు పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చింది.

"దిగినకాంచి కన్ను మూస్తలేడన్నా. గుండె దడదడ కొట్టుకుంటాంది. నిద్రొచ్చే గోలీ ఇయ్యి."

ఈసారి గోలీ ఇవ్వలేదు. షాపు మూసేసి, ఆయన్ని రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను.

"ఏం మింగిండు?" డాక్టరు అడిగాడు.

"ఏం మింగలే సారూ. కావాల్నంటే ఈ అన్ననడుగుండ్రి, కమిటీల ఉన్నడు," అందామె, ఆ కాగితాన్ని గట్టిగా పట్టుకుని.

డాక్టరు నాకేసి చూశాడు. మంచం మీద ఆయన కాళ్లు ఇంకా తొక్కుతున్నట్టే ఆడుతున్నాయి. భయమేసింది.

"గోలీలు నేనే అమ్మిన సార్," అన్నాను. ఏవో, ఎన్నో చెప్పాను.

ఆయన బతికాడు. సంగతి తెలిసి పాస్టరుగారు కాగితం వెనక్కి ఇమ్మన్నారు. తీసుకోవడానికి నేనే వెళ్లాను. ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది.

"మాకు అమ్మిననాడు నువ్వు కమిటీల లేవా అన్నా?"