పంచదార వెయ్యని రసం

మా చర్చి సంఘంలో ప్రభువు బల్లకి, రొట్టెతో పాటు ఇచ్చే ద్రాక్షరసం చేసేది నేనే. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అక్షరాలూ ఆవిడే నేర్పింది, ఇంట్లోనే, బైబిలు మీద నా వేలు పెట్టి. నల్లద్రాక్ష అమలాపురంలో కొనుక్కొచ్చి, కడిగి, చిదిమి, పంచదార కలిపి, జాడీకి గుడ్డ కట్టి పెడతాను. విప్పేటప్పటికి ఘాటు ముక్కుకు కొడుతుంది. అయినా దాన్ని ఎవరూ మందు అనరు. అది రసం.

మా ఆడపడుచు తెచ్చిన సీసాని మాత్రం మందు అన్నారు.

మా ఆయన చెల్లెలు భర్త కొట్టే దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి వచ్చేసింది. కాపురం చెడగొట్టుకుందని సంఘం ఆమెకు బల్ల ఆపేసింది. ఆరాధనకు రావచ్చు, కూర్చోవచ్చు; రొట్టె, రసం మాత్రం ఇవ్వరు. తర్వాత ఆమె ఆస్ట్రియా వెళ్ళింది. అక్కడ డాన్యూబ్ నది ఒడ్డున, ద్రాక్షతోటలున్న ఇంట్లో ఒక ముసలావిడను చూసుకునే పని. కిందటేడు సెలవుకు వస్తూ చీరల మధ్య చుట్టి ఒక వైన్ సీసా తెచ్చింది.

"మొదటి ఆదివారం బల్లకి ఇద్దామని వదినా. ఈ కాయలు నా చేత్తో కోసేను. ఇది తీసుకుంటే నన్నూ తీసుకున్నట్టే కదా."

నేను ఆయ్ అన్నాను. దేవునికి స్తోత్రం అని కూడా అనుకున్నాను.

రొయ్యలు ఒలుస్తూ ఆ తోటల సంగతులు చెప్పింది. కొండ నిలువుగా ఉంటుందట. మట్టి జారిపోకుండా, సున్నం లేకుండా రాళ్ళు పేర్చి, మెట్లు మెట్లుగా గోడలు కట్టి, వాటి మీద తీగలు పెంచుతారట. నీటి కోసం వేళ్ళు రాతి పగుళ్ళలోకి దిగుతాయట. పగటి ఎండకి కాయ పండుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా కోనసీమలో గునపం వేస్తే నీళ్ళు. రాయి కావాలంటే లారీలో రావాలి.

"పులిసేటప్పుడే తీపంతా అయిపోద్ది వదినా. అందుకే డ్రై అంటారు."

"అంటే ఎండిపోయిందా?"

"నాలాగ," అని నవ్వింది.

సీసా సంగతి విని శనివారం పాస్టరుగారు, సంఘపెద్ద మా ఇంటికి వచ్చారు. పెద్దాయన సీసా ఎత్తి వెలుతురులో చూశారు.

"తెల్లగా ఉందేంటండీ? రక్తానికి గుర్తు కదా, ఎర్రగా ఉండొద్దూ?"

"అక్కడ గుళ్ళల్లో తెల్లదీ వాడతారండీ. ఇది తీపి లేనిది, డ్రై వైనండీ," అంది మా ఆడపడుచు.

"డ్రై డే అంటే మందు దొరకని రోజు. డ్రై వైనంటే మందు లేని మందా అమ్మా?" తన మాటకి తనే నవ్వుకున్నారు పెద్దాయన.

పాస్టరుగారు నవ్వలేదు. "మందు బల్లమీద పెట్టలేమమ్మా."

ఉండబట్టలేక అన్నాను. "మన రసమూ పులుస్తుంది కదండీ అయ్యగారూ."

"మీది రసమమ్మా. అది వేరు."

"మరి నా సంగతండీ?" అని అడిగింది మా ఆడపడుచు.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "వచ్చే యేడు చూద్దాంలేమ్మా."

ఆదివారం చిన్న గ్లాసుల పళ్ళెం వరసలో వచ్చింది. మా ఆడపడుచు దగ్గరికి రాగానే పళ్ళెం కాస్త పైకి లేచి, ఆమెను దాటి నా ముందు దిగింది. మా తలల మీద తిరిగే ఫ్యాన్లు ఆమె కొనిపెట్టినవే. నా చేత్తో చేసిన రసం ఆ రోజు మరీ పానకంలా అనిపించింది.

ఇంటికొచ్చాక సీసా మూత తీసి స్టీలు గ్లాసుల్లో పోసింది. లేత నిమ్మరంగు. ముందు పులుపు, వెనకాల మిరియపు ఘాటు, ఆఖర్న వానకు తడిసిన రాతిని నాలుకతో తాకినట్టు.

"చేదుగా ఉందే."

"చేదు కాదు వదినా. తీపి లేదంతే."

సెలవు అయిపోయి ఆమె వెళ్ళిపోయింది. మరుసటి నెల ద్రాక్ష చిదిమి, పంచదార డబ్బా చేతిలోకి తీసుకుని, మళ్ళీ అలమారలో పెట్టేశాను. ప్రార్థన చేసుకున్నాకే జాడీకి గుడ్డ కట్టాను. పనిచేసే చేతులిచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

ఆ ఆదివారం రసం పుచ్చుకున్న ప్రతి మొహమూ ముడుచుకుంది. ఆరాధన అయ్యాక పెద్దాయన వచ్చారు.

"పంచదార మర్చిపోయేరా అమ్మగారూ?"

"మర్చిపోలేదండీ. ఇది డ్రై అండీ."

ఈసారి ఆయన నవ్వలేదు.

అప్పట్నుంచి రసం వేరే ఇంట్లో చేయిస్తున్నారు. తియ్యగా ఉంటోంది.